లెక్కలో చచ్చిపోయిన దుప్పటి

లాకప్ గదిలో సూరి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. పెళ్ళాం దుర్గని చంపాడన్న అనుమానం మీద అతన్ని నిన్న సాయంత్రం పట్టుకొచ్చారు. ఇవాళ సాయంత్రం ఆరింటిలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తరవాత అతను ఎప్పుడు బయటికొస్తాడో ఎవరూ చెప్పలేరు.

ప్రిసిల్లా కటకటాల ఇవతల ముక్కాలిపీట మీద కూర్చుంది. అరవయ్యేళ్ళ మనిషి. రైల్వే స్టేషన్లో పోయిన సామాన్ల గదిలో ఇరవై ఆరేళ్ళు గుమస్తాగా పనిచేసింది. ఎవరూ వెతుక్కుంటూ రాని గొడుగులూ, టిఫిన్ క్యారియర్లూ, పసిపిల్లల ఊలు టోపీలూ చూసి చూసి ఆమెకొక అలవాటు పట్టుకుంది. ఏ వస్తువు కనిపించినా, దాన్ని చివరిసారి ముట్టుకున్న చెయ్యి ఎవరిదా అని ఆలోచిస్తుంది. రిటైరయ్యాక మారేడ్‌పల్లిలో ఇంటి ముందుగదికి డిటెక్టివ్ బోర్డు తగిలించింది.

"సూరీ, జూలై ఐదో తారీఖు, గురువారం. నాలుగూ పన్నెండుకి దుర్గ నీ మిషను గదిలోకి వచ్చింది. నాలుగూ నలభైకి నువ్వు మిషను ఆపి వేణ్ణీళ్ళతో కడిగావు. ఈ మధ్యలో ఏం జరిగింది?"

"నాకేటీ తెల్దండి."

"తనకి ఎనిమిదో నెల దాటింది. ఆ మనిషి ఎటు పోయిందో నీకు తెలీదా?"

సూరి తలెత్తలేదు. గోరుతో నేలమీద గీతలు గీస్తున్నాడు. ప్రిసిల్లా లెక్కపెట్టింది. ఐదు గీతలు. చెరిపేసి మళ్ళీ ఐదే గీశాడు.

"ఆఖరిసారి నీతో ఏమంది?"

"ఎల్లొస్తానంది."

ప్రిసిల్లా చెల్లెలు ఆలిస్ కూడా రైలు కిటికీలోంచి ఆ మాటే అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది, తిరిగి రాలేదు. ఆమె లేచి నిలబడింది.

"అమ్మగోరూ," అన్నాడు సూరి వెనకనుంచి. "అచ్చియమ్మత్త ఇయ్యాల డూటీకొచ్చిందా అండి?"

చావుకేసులో ఇరుక్కున్నవాడు అడగవలసిన ప్రశ్న కాదది. ప్రిసిల్లా దాన్ని మనసులో పెట్టుకుంది.

బయట బల్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ నర్సింగరావు ఇడ్లీ తింటున్నాడు. "ఏందమ్మా, ఏమన్న జెప్పిండా మీకు?"

"చెప్పలేదు."

"చెప్పడు. నాక్కూడ జెప్పలే. దూది మిల్లుల మూట ఇప్పితే ఆమె పచ్చకోటు ముక్కలు దొరికినై. ఇంకేం గావాలె? పోయిన గొడుగులు దేవుకునే పని గాదమ్మా ఇది. జెర మమ్మల్ని గూడ పని జేస్కోనిస్తరా?"

"గొడుగు పోతే మనిషి తడుస్తాడంతే, ఇన్‌స్పెక్టర్ గారూ. మీ పనిలో తప్పు జరిగితే మనిషే పోతాడు," అని ప్రిసిల్లా మెట్లు దిగింది.

* * *

బొల్లారంలోని ఆ లాండ్రీ మామూలు లాండ్రీ కాదు. ఆసుపత్రులకీ, కొత్తగా వెలిసిన సాఫ్ట్‌వేర్ కంపెనీల గెస్ట్‌హౌసులకీ దుప్పట్లు అద్దెకిస్తుంది. ప్రతి దుప్పటి అంచు మడతలోనూ చొక్కా గుండీ అంత ట్యాగ్ పెట్టి కుడతారు. దానికి బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరో, ఉతికే మిషను దగ్గరో ఏంటెన్నా పక్కకి రాగానే రేడియో తరంగాలు తగిలి తన నెంబరు తను చెబుతుంది. ఎన్ని ఉతుకులయ్యాయో కంప్యూటరు లెక్కపెడుతుంది. నూట ఇరవై ఉతుకులకి దగ్గరపడ్డ దుప్పటిని దిండుగలీబులుగా కోస్తారు. అవి చిరిగితే తుడుపుగుడ్డలు. అవీ పోతే ముక్కలు చేసే మిషనులో వేసి, వచ్చిన పీచుని దూది మిల్లుకి పంపుతారు. అది కొత్త దూదితో కలిసి దారమై, మళ్ళీ దుప్పటై వస్తుంది. ఒక్క పోగు కూడా చెత్తలో పడకూడదన్నది అక్కడి నియమం.

పనివాళ్ళ పచ్చకోట్లకీ ట్యాగులున్నాయి. హాజరు వాటితోనే.

ప్రిసిల్లాని పిలిచింది ఆ కంప్యూటర్లు చూసే యెషయా. ముప్ఫై దాటని కుర్రవాడు, ఆమె వెళ్ళే చర్చికే వస్తాడు. తను పెట్టిన రికార్డే ఒక మనిషిని జైలుకి పంపుతోందని అతనికి తిండి సయించడం లేదు.

మేనేజరు తాతాజీ గేటు దగ్గరికే ఎదురొచ్చాడు. తెల్లచొక్కా, నుదుట సన్నటి బొట్టు. "రండి మేడమ్ గారూ. దుర్గ మా ఇంటి పిల్లలాంటిదండి. ట్యాగులు కుట్టడంలో దానికి సాటి లేరు. ఆ దుర్మార్గుడికి చేతులెలా వచ్చాయో."

"మిషను గది చూస్తాను," అంది ప్రిసిల్లా. "ఒక్కదాన్నే."

పదకొండూ ఐదు. గదిలో మిషను ఆపేసి ఉన్నా అది ఇంకా ఊపిరి పీలుస్తున్నట్టే అనిపించింది ఆమెకి. నోటికి అడ్డంగా ఇనుప పళ్ళు. పైకప్పు ఇనుపకమ్ముల నిండా తెల్లటి పీచు వేలాడుతోంది. మనుషులు కప్పుకున్నవీ, మనుషులు కన్ను మూసినవీ, అన్నీ అక్కడ పీచే. తలుపు పక్క గోడకి ఒక నోటీసు. 'లోహం తీసిన తరువాతే బట్ట వెయ్యవలెను. బ్లేడ్లు పోవును.' దాని కింద తీసేసిన లోహపు ముక్కలు వేసే డబ్బా.

పోలీసులు మిషనంతా వెతికారు. ఆ డబ్బా జోలికి పోలేదు. ప్రిసిల్లా దాన్ని న్యూస్‌పేపరు మీద బోర్లించింది. డాక్టర్ల కోట్ల హుక్కులు, విరిగిన జిప్పులు, తుప్పు పట్టిన సూదులు. వాటి మధ్య ఒక పిన్నీసు. దానికి వరసగా గుచ్చిన ఆరు ఇత్తడి టిచ్ బటన్లు. ఒక్కో బటనుకీ చిన్న పచ్చగుడ్డ అంచు ఇంకా అంటుకుని ఉంది.

ఆమె గేటు దగ్గరి కాపలా మనిషిని పిలిచి అడిగింది. "పచ్చకోటుకి ఎన్ని బటన్లుంటాయి?"

"ఆరండి."

"ఇలా పిన్నీసుకి గుచ్చిపెట్టే అలవాటు ఎవరిది?"

"దుర్గమ్మదండి. మళ్ళీ కొత్త కోటుకి పనికొస్తాయని గుచ్చి పెట్టీది." గొంతు తగ్గించాడు. "అమ్మగారూ, ఇక్కడెక్కువసేపు ఉండకండి. ఆ యమ్మ గేటు కాడ తిరుగుతుందంటన్నారు. చచ్చిపోయిన దుప్పటొకటి రోజూ గేటు దాటతందంట."

* * *

పన్నెండూ ఇరవై. కంప్యూటరు గదిలో యెషయా కుర్చీ లాగాడు.

"ఆంటీ, దెయ్యం లేదు గియ్యం లేదు. ఘోస్ట్ రీడ్ అంటాం. ఏంటెన్నా అప్పుడప్పుడు లేని నెంబర్లు చదువుతుంది."

"ఏ నెంబరు?"

"నాలుగు నాలుగు ఏడు ఒకటి. మార్చి పన్నెండున ముక్కలు చేసేసినట్టు ఉంది. లెక్కలో అది చచ్చిపోయింది. బతికున్న దుప్పటి గేటు దాటితే అలారం మోగుతుంది. చచ్చినదానికి మోగదు. ఒక వేరే ఫైల్లో పడుతుంది. ఆ ఫైలు ఎవరం తెరవం."

"తెరువు."

తెర మీద వరసలు కదిలాయి. మార్చి పదమూడున ఒకసారి, బయటికి. తరవాత నాలుగు నెలలు ఏమీ లేదు. జూలై తొమ్మిది నుంచి మాత్రం రోజూ ఉంది. పొద్దున ఆరూ పదికి లోపలికి. ఆరున్నరకి మూడో నెంబరు ఉతుకు మిషను. రెండూ ఐదుకి బయటికి.

"మిషనులో కూడానా?" యెషయా తెర మీదికి వంగాడు. "అప్పటికి నూట పద్ధెనిమిది ఉతుకులు. ఇప్పుడు నూట ముప్ఫై నాలుగు. ఆంటీ, చచ్చిన దుప్పటి రోజూ స్నానం చేస్తోంది."

ఆ గదిలో ఏసీ చలి ప్రిసిల్లా ఎముకల దాకా దిగింది. పోయినవాళ్ళు తిరిగొస్తారని ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన మనిషికి, ఒక దుప్పటి అలా తిరిగిరావడం భయంకన్నా ఎక్కువగా ఆశ పుట్టించింది. ఆశంటేనే ఆమెకి భయం.

అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ నర్సింగరావు వచ్చాడు. మిషనుకి సీలు వెయ్యడానికి వచ్చాడట. వెనకే తాతాజీ, చేతిలో టీ ట్రే.

"ఇంకా ఈడనే ఉన్నరా?" అన్నాడు నర్సింగరావు. "దయ్యాలతోని సుత ఇంటర్వ్యూ షురూ జేసిన్రా?"

ప్రిసిల్లా పిన్నీసు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ బటన్లు దుర్గ కోటువి. మీరు చూడని డబ్బాలో ఉన్నాయి. పెళ్ళాన్ని చంపి మిషనులో తోసేవాడు, ముందు కోటు బటన్లు కత్తిరించి, వరసగా పిన్నీసుకి గుచ్చుతాడా?"

"గీ బొత్తాలతోని కోర్టుల కేసు కొట్టేస్తరా?"

"మిషనులో పడింది ఉత్త కోటు. దుర్గే తన చేత్తో వేసింది. పని నేర్చిన చెయ్యి, బ్లేడ్లు పాడవుతాయని అలవాటుగా లోహం తీసేసింది. కానీ ట్యాగ్ మాత్రం తియ్యలేదు. ట్యాగులు కుట్టే మనిషి ట్యాగ్ మరిచిపోతుందా? ఆ ట్యాగ్ చావాలని కావాలనే ఉంచింది. తెల్లపీచులో పచ్చపోగులు కలవకుండా తరవాత సూరి మిషను కడిగాడు, అంతే. ఇక్కడి గేటు మనిషిని చూడదు, కోటుని చూస్తుంది. కోటు లేని దుర్గ లారీ గేటులోంచి నడిచి వెళ్ళిపోయింది."

"పోయి యాడున్నది మరి? జూపించున్రి!"

ఆ వెటకారం ఆమెకి గుచ్చుకుంది. అక్కడే ఆగవలసింది. ఆగలేదు.

"యెషయా, మార్చి పదమూడున ఆ దుప్పటి గేటు దాటిన క్షణంలో, దాంతోపాటు ఏ కోటు దాటింది?"

యెషయా రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టాడు. ఇన్నాళ్ళూ ఎవరూ అలా పెట్టి చూడలేదు. "సూరి కోటు."

"ముక్కలు చేసేశానని రాసి, సూరి దాన్ని ఇంటికి పట్టుకెళ్ళాడు. నూట పద్ధెనిమిది ఉతుకుల దుప్పటి, వెన్నలా ఉంటుంది. పుట్టబోయే బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు, పాత మెత్తటి గుడ్డలోనే చుడతారు. జూలై తొమ్మిది నుంచి ఆ గుడ్డ రోజూ ఉతుక్కి వస్తోంది. అంటే ఆ రోజు బిడ్డ పుట్టింది. దుర్గ బతికే ఉంది. ఇప్పుడు చూడు, ఆరూ పదికి దాంతో లోపలికొస్తున్న కోటు ఎవరిది?"

"అచ్చియమ్మది," అన్నాడు యెషయా. "మూడో నెంబరు మిషనే ఆమెది."

నర్సింగరావు బటన్ల పిన్నీసు చేతిలోకి తీసుకున్నాడు. ప్రిసిల్లాకి ఎన్నాళ్ళకో ఒక చిన్న గెలుపు. ఆ సంతోషంలో ఆమె, తాతాజీ చేతిలోని టీ ట్రేలో కప్పులు సన్నగా గలగలలాడటం విన్నది గానీ, దాన్ని పట్టించుకోలేదు.

"దేవుడి దయ," అన్నాడు తాతాజీ ట్రే దించుతూ. "ఎంత మంచి కబురు చెప్పారు మేడమ్ గారూ. ఒక్క నిమిషం, ఫోనొచ్చింది." బయటికి నడిచాడు. గోడ గడియారం పన్నెండూ నలభై ఐదు.

* * *

అచ్చియమ్మ భోజనాల దగ్గర లేదు. బాయిలరు వెనక ఒంటరిగా కూర్చుని ఉంటే ఒకటీ పదికి దొరికింది. యాభై ఐదేళ్ళుంటాయి. ఒళ్ళో గుడ్డసంచి. ప్రిసిల్లా పక్కన కూర్చోగానే సంచిని కొంగు కిందికి లాక్కుంది.

"ఆడపిల్లా, మొగపిల్లాడా?" అంది ప్రిసిల్లా మెల్లగా.

అచ్చియమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆడపిల్లమ్మా. నా సేతుల్లోనే పుట్టింది."

"గుడ్డకి ట్యాగ్ అలాగే ఉంచేశారేం? దుర్గకి తెలీదా?"

"తెలవకేటి? కానీ మా ఇళ్ళల్లో పురిటిగుడ్డకి ఇనప ముక్క తగలకూడదమ్మా. కత్తెరెట్టకుండా సేత్తోనే సింపాల. సింపీసినాం. అంచు మడత సేత్తో సిరగదు, అదలాగుండిపోనాది. ఇరవై ఒకటో రోజెల్లాక కోసీమంది. ఇంకా ఐదు రోజులు."

సూరి నేలమీద గీసిన ఐదు గీతలు. ప్రిసిల్లా కళ్ళు మూసుకుంది. "సూరికి అన్నీ తెలుసు కదూ. ఐదు రోజుల కోసం నేరం నెత్తిన వేసుకుంటాడా?"

"పచ్చి బాలింత, గడప దాటకూడదు. ఆడు నోరిప్పితే ఆయన ఈల్లని బతకనిత్తాడా?"

"ఎవరు?"

అచ్చియమ్మ చుట్టూ చూసింది. "ఎర్రసంచి దుప్పట్లుంటాయమ్మా. అంటురోగాల వార్డువి. అయి కాల్చీయాల. ఆయన కాల్చినట్టు రాయించి, పాత ట్యాగు కోయించి, కొత్త ట్యాగు కుట్టించీవోడు. మిషనుకి ట్యాగే నిజం గదా. ఆ దుప్పట్లు పుట్టిన పిల్లల వార్డుకెల్లినాయి. ఇద్దరు పిల్లలకి ఒళ్ళంతా పుళ్ళు, ఒకరు దక్కలేదు. ఆ కబురు ఇన్నాక దుర్గ ఇంక కుట్టనంది. ఆ గురువారం ఆయన దాని సెయ్యట్టుకుని మిషను కాడికి తీసుకెల్లి, ఇది నిన్నూ నీ కడుపులోదాన్నీ ఒక్క నిమిషంలో పీచు సేసేస్తాదన్నాడు. కోసిన పాత ట్యాగులు నలభై మూడు అది దాసిపెట్టింది. బిస్కట్ల డబ్బాలో. రుజువుంటాదని."

"ఆయనంటే ఎవరమ్మా?"

"ఇంకెవరు? మేనేజరు తాతాజీగోరు."

టీ ట్రేలో గలగలలాడిన కప్పులు ప్రిసిల్లాకి ఇప్పుడు వినిపించాయి, స్పష్టంగా.

"అచ్చియమ్మా, నేను... ఆయన ముందరే చెప్పాను. నీ పేరు కూడా."

అచ్చియమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆయన ముందరే సెప్పీసినారా," అంది అంతే. "దాన్ని సిలకలగూడలో నా గదిలోనే ఎట్టినాను. అడ్రసు ఇక్కడి రిజిస్టరులో ఉంటాది. మేడ మొత్తం పదారు గదులు. ఏ తలుపో మాత్తరం ఆయనకి తెల్దు."

* * *

ఇద్దరూ కంప్యూటరు గదిలోకి వచ్చేసరికి ఒకటీ ఇరవై ఎనిమిది. నర్సింగరావు ఇంకా అక్కడే ఉన్నాడు, బటన్లని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"తాతాజీ ఎక్కడ?" అంది ప్రిసిల్లా.

యెషయా చూసి చెప్పాడు. "పన్నెండూ నలభై తొమ్మిదికి గేటు దాటారు. కారులో." అతని చూపు గోడ మీది స్టాండు వైపు పోయింది. స్టాండు ఖాళీగా ఉంది. "ఆంటీ, చేతిరీడరు లేదు. గోడౌనులో పోయిన దుప్పట్లు వెతకడానికి వాడేది. పది పన్నెండు అడుగుల్లో ట్యాగ్ ఉంటే తలుపు అవతల నుంచైనా కూత పెడుతుంది."

"ఆ గదిలో నలభై మూడు ట్యాగులున్నాయి," అంది ప్రిసిల్లా. "బిస్కట్ల డబ్బాలో."

"రేకు డబ్బానా?" యెషయా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఫర్వాలేదు. మూత పెట్టి ఉంటే రేకులోంచి సిగ్నల్ రాదు. పురిటిగుడ్డ ట్యాగ్ కూడా ఇక్కడే అచ్చియమ్మ సంచిలో ఉంది. ఆ రీడరు ఎంత తిప్పినా ఏమీ వినపడదు. అదీగాక అది చదివే ప్రతి నెంబరూ సెల్‌ఫోన్ సిగ్నల్ మీద ఇక్కడికే, ఈ తెర మీదికే వస్తుంది. ఆ సంగతి సార్‌కి తెలీదు. ఇంతవరకూ ఏమీ రాలేదు."

నలుగురూ తెరవైపు చూశారు. ఖాళీగా ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అంది ప్రిసిల్లా. "పొద్దుట్నుంచీ మీతో వాదించాను. ఇప్పుడు వాదన లేదు. తప్పు నాది. కాల్చాల్సిన అంటురోగాల దుప్పట్లని తాతాజీ కొత్త ట్యాగులతో మళ్ళీ ఆసుపత్రికి పంపాడు, ఆ రుజువుతో దుర్గ చిలకలగూడలో అచ్చియమ్మ గదిలో ఉంది. నేనిప్పుడు బయల్దేరినా ముప్పావుగంట పడుతుంది. మీ వైర్‌లెస్‌కి ఒక్క క్షణం."

నర్సింగరావు కదల్లేదు. "ఆయన పెద్దమనిషమ్మా. గాలి మాటల మీద ఆయన మీదికి ఫోర్స్ పంపమంటరా? ఒక్క నిశాని జూపించున్రి నాకు."

ఒకటీ ముప్ఫై రెండు.

తెర మీద ఒక నెంబరు లేచింది. ఎర్ర అక్షరాల్లో. పక్కన 'కాల్చివేయబడినది, ఫిబ్రవరి 8' అని ఉంది. దాని కింద ఇంకొకటి. 'కాల్చివేయబడినది, ఫిబ్రవరి 21.' తరవాత మూడు. తరవాత ఏడు. బూడిదైపోయాయని రాసి ఉన్న దుప్పట్లన్నీ ఒక్కొక్కటే లేచి వరసలో నిలబడుతున్నాయి. ప్రతి వరస చివరా చదివిన వాళ్ళ పేరు. తాతాజీ. తాతాజీ. తాతాజీ.

నర్సింగరావు వైర్‌లెస్ అందుకున్నాడు. "చిలకలగూడ మొబైల్... నర్సింగరావ్ స్పీకింగ్... ఎక్కడున్నరు? ఉరుకున్రి, ఉరుకున్రి..." అచ్చియమ్మ పక్కనుంచి ఇంటి గుర్తులు చెబుతోంది. మూడో అంతస్తు, నీలం తలుపు.

నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడు. ఆగిపోయింది.

"మూత పెట్టి ఉంటే రాదన్నావు," అంది ప్రిసిల్లా.

యెషయా ఆమె వైపు తిరగలేదు. "రాదు, ఆంటీ."

అచ్చియమ్మ సంచిలోంచి పురిటిగుడ్డ తీసి రెండు చేతుల్లోనూ పట్టుకుంది. బాయిలరు వేడికి అది ఇంకా వెచ్చగా ఉంది. మూడో అంతస్తులో, నీలం తలుపు వెనక, ఎవరో డబ్బా మూత తీశారు.